ఏరు దాటిన మాట: పది పౌన్ల బహుమానం, కాకినాడ రేవు, యజమాని వాగ్దానం

వ్యాససంగ్రహం

పనిలో చేర్చుకొనేటప్పుడు ఇస్తామని చాటిన బోనసును పని ముగిసిన తరువాత యజమాని ఎగవేయడం నేటి ఉద్యోగ ప్రపంచపు సమస్యగా మనకు కనిపిస్తుంది. తెలుగువారి వలస చరిత్రలో దీనికి నూట యాభై ఏళ్ళకు మించిన గతం ఉంది. 1860లో మద్రాసు నుండి నేటాల్ చెరకు తోటలకు వెళ్ళి 1871లో తిరిగివచ్చిన కూలీలు, గడువు ముగిశాక ఇస్తామన్న పది పౌన్ల బహుమానం తమకు ముట్టలేదని ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదును కేంద్రంగా తీసుకొని, కాకినాడ రేవు నుండి రంగూనుకు సాగిన మేస్త్రీ వలసతో దానిని పోల్చి, వాగ్దానం విషయంలో మన సాహిత్య సంప్రదాయం, వలసపాలన నాటి చట్టం, శ్రామికుని అవగాహన ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వలస, కోరంగి, కాకినాడ, నేటాల్, గిర్మిట్, మేస్త్రీ, బహుమానం, మామూలు, బోనసు.

1. ఉపోద్ఘాతం

‘ఏరు దాటే దాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ అనే సామెత తెలియని తెలుగువారు అరుదు. అవసరం ఉన్నంతసేపు ఆదరించి, అది తీరగానే తృణీకరించే స్వభావాన్ని ఈ సామెత ఎత్తిపొడుస్తుంది. ఇందులో ఏరు దాటవలసినవాడు ప్రయాణికుడు, దాటించేవాడు మల్లయ్య. ఒడ్డు చేరిన వెంటనే ప్రయాణికుని అవసరం తీరిపోతుంది, మల్లయ్య పని అప్పటికే పూర్తయిపోతుంది. పని ముందు, ప్రతిఫలం తరువాత అనే క్రమం ఉన్న ప్రతి ఒప్పందంలోనూ ఈ అసమానత దాగి ఉంటుంది. ముందుగా తన వంతు నెరవేర్చినవాని చేతిలో ఇక ఎదుటివాని మాట తప్ప మరేమీ మిగలదు.

పంతొమ్మిదో శతాబ్దంలో సముద్రం దాటిన తెలుగు శ్రామికుల విషయంలో ఈ సామెతలోని పాత్రలు తారుమారవుతాయి. నీరు దాటినవాడూ అతడే, మల్లయ్యగా మిగిలినవాడూ అతడే. దాటడమే అతనిని బలహీనుని చేసింది. సొంత ఊరు, బంధువులు, భాష, తెలిసిన కచేరీ అన్నీ వెనుక ఒడ్డునే ఉండిపోయాయి. ఈ ఒడ్డున విన్న మాటను ఆ ఒడ్డున నిలబెట్టుకోవలసి రావడమే వలస కూలీ సమస్యకు మూలం.

తెలుగు వలసలపై పరిశోధన ప్రధానంగా చరిత్రకారుల చేతిలో సాగింది. బర్మా, మలయా వలసలపై ఆచార్య అడపా సత్యనారాయణ, నేటాల్ ఓడల పట్టికలపై సురేంద్ర భానా చేసిన కృషి ఇందుకు ఆధారశిలలు. ఆ కృషి వెలుగులో, వాగ్దానం అనే ఒక్క అంశాన్ని భాషా సాహిత్యాల వైపు నుండి చూడడం ఈ వ్యాసం పరిమితి.

2. ఇచ్చినవాని కథ, పుచ్చుకోవలసినవాని కథ

మాట నిలబెట్టుకోవడం గురించి మన సాహిత్యం చెప్పినంతగా మరే ధర్మం గురించీ చెప్పలేదేమో. పోతన భాగవతం అష్టమస్కంధంలోని వామనచరిత్రలో, మాట వెనక్కి తీసుకొమ్మని గురువైన శుక్రాచార్యుడు హితవు చెప్పినా బలిచక్రవర్తి వినడు. గౌరన ద్విపదలో రచించిన హరిశ్చంద్రోపాఖ్యానం మొదలుకొని బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం వరకు, రాజ్యం పోయినా ఆలుబిడ్డలు అమ్ముడుపోయినా సత్యం తప్పని రాజు తెలుగువారికి చిరపరిచితుడు.

ఈ కథలను యజమాని వాగ్దానం అనే దృష్టితో మళ్ళీ చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. ఇవన్నీ మాట ఇచ్చినవాని కథలు. నాయకుడు దాత, పరీక్ష దాతకు, కీర్తి దాతది. పుచ్చుకొనేవాడు వామనుడో విశ్వామిత్రుడో అయి ఉంటాడు. అతనికి ఆ సొమ్ముతో ఆకలి తీరవలసిన అవసరం లేదు; ఇవ్వకపోతే చేతులు ముడుచుకొని కూర్చోవలసిన దుస్థితి అంతకన్నా లేదు. బలి మాట తప్పి ఉంటే వామనుడు ఏ కచేరీకి వెళ్ళేవాడు అన్న ప్రశ్న ఆ కథలో పుట్టదు. మాట తప్పడం అక్కడ దాత ఆత్మకు కలిగే హాని.

శ్రామికుని విషయంలో మాట తప్పితే హాని మొదట అతని కుటుంబానికి. కనుక ఇక్కడ కావలసినది పుచ్చుకోవలసినవాని కథ. వాగ్దానం విని, నమ్మి, దానికోసం ఏళ్ళ తరబడి పని చేసి, చివరకు చేయి చాపి అడిగిన మనిషి మాట మనకు కావ్యాలలో దొరకదు. అది విచారణ సంఘాల నివేదికలలో, వాంగ్మూలాలలో దొరుకుతుంది. సాహిత్య విద్యార్థి ఆ పత్రాల వైపు చూడవలసిన అవసరం ఇక్కడే ఉంది.

3. నేటాల్: కూలి, గడువు, బహుమానం

నేటాల్ వలసరాజ్యంలో చెరకు సాగు చేపట్టిన ఆంగ్లేయ తోటల యజమానులు స్థానిక జులూ ప్రజలతో తమకు కావలసినట్లు పని చేయించుకోలేకపోయారు. వారి ఒత్తిడి మేరకు 1859లో చట్టాలు వచ్చాయి. 1860 అక్టోబరులో మద్రాసులో బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. 1866లో ఆర్థికమాంద్యం వల్ల ఆగేనాటికి ఈ తొలి విడతలో 6,445 మంది వెళ్ళారు. 1874లో మళ్ళీ మొదలై 1911 వరకు సాగిన రాకలన్నీ కలిపితే మొత్తం 1,52,184. వీరిలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు మీదుగా వెళ్ళినవారు. తమిళ జిల్లాలవారితో పాటు గంజాం, విశాఖపట్టణం, గోదావరి జిల్లాల తెలుగువారు అందులో ఉన్నారు.

వీరికి చెప్పిన షరతులు ఇవి. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, ఆపైన ఏటా ఒక్కొక్క షిల్లింగు పెంపు. తిండిగింజలు, వసతి, వైద్యం యజమాని బాధ్యత. పదేళ్ళు ఆ దేశంలో ఉన్నవారికి ఉచితంగా తిరుగు ప్రయాణం.

1871లో ‘రెడ్ రైడింగ్ హుడ్’, ‘ఉమ్వోటి’ అనే ఓడలలో తొలి విడత కూలీలు మద్రాసుకు తిరిగివచ్చారు. వారు అధికారుల ముందు చెప్పిన బాధలలో కొరడా దెబ్బలు, కూలి బకాయిలు, జబ్బుపడిన రోజులకు కోతలు ఉన్నాయి. వాటితోపాటు మరొకటి ఉంది: గడువు ముగిశాక తలకు పది పౌన్ల బహుమానం ఇస్తామని చెప్పారు, ఇవ్వలేదు.

ఈ మొత్తం ఎంతటిదో లెక్క వేయడం అవసరం. చెప్పిన రేటు ప్రకారం అయిదేళ్ళలో ఒక కూలీకి రావలసిన నగదు, ఏ కోతా లేకపోతే, 720 షిల్లింగులు. అంటే 36 పౌన్లు. పది పౌన్లు అందులో నాలుగో వంతుకు మించినది. మొదటి ఏడాది రేటుతో చూస్తే ఇరవై నెలల కూలి. పౌనుకు దాదాపు పది రూపాయలుగా ఉన్న అప్పటి మారకంలో సుమారు వంద రూపాయలు. నెలకు అయిదు రూపాయల మనిషికి వంద రూపాయలు ఒక్కసారిగా చేతికి రావడమంటే అప్పు తీరడం, కాడి ఎద్దులు రావడం, పెళ్ళి జరగడం. సముద్రం దాటడానికి మనిషిని ఒప్పించగల సొమ్ము అది. నెలకూలి అక్కడి బతుకుకు సరిపోతుంది. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఉండేది ఆ చివరి మొత్తమే. దానిని తీసివేస్తే ఒప్పందంలో కొంత తగ్గడం మాత్రమే కాదు, బయలుదేరిన కారణమే పోతుంది.

4. ‘కూలి’, ‘బహుమానం’, ‘మామూలు’

ఇక్కడ పదాల విషయం కొంత విచారించాలి. తెలుగులో, తమిళంలో ‘కూలి’ అంటే చేసిన పనికి వచ్చే ప్రతిఫలం. పనిచేసేవాడు కూలివాడు. ఆంగ్లంలోకి వెళ్ళిన మాట పుట్టుకపై భిన్నాభిప్రాయాలున్నా, వలసరాజ్యాల వాడుకలో అది మనిషికే పేరైంది. ప్రతిఫలాన్ని సూచించే మాట మనిషికి ముద్ర కాగా, అసలు ప్రతిఫలం ప్రశ్నార్థకమైంది.

పది పౌన్లను ఆంగ్ల పత్రాలు గ్రాట్యుటీ అన్నాయి. ఆ మాటలోనే దయ ఉంది. మన భాషలో దీనికి దగ్గరి మాటలు బహుమానం, ఇనాము, బక్షీసు. ఇవన్నీ పైనున్నవాడు కిందివానికి సంతోషించి ఇచ్చేవి. ఇవ్వకపోతే అడగడానికి వీలులేనివి. బోనసు అనే మాట కూడా ఇదే కుటుంబానికి చెందినది; లాటిన్‌లో దాని మూలార్థం మంచిది అని మాత్రమే. కాని పని మొదలు కాకముందే ఇంత అని లెక్క చెప్పి, ఇన్నాళ్ళు చేస్తే అని గడువు చెప్పి ప్రకటించినది బక్షీసు కాజాలదు. అది కూలిలో చివరికి నిలిపి ఉంచిన భాగం. పేరు దానమైనా స్వభావం బాకీ.

గోదావరి పల్లెల వ్యవసాయ సంబంధాలలో ఈ తేడా పాతదే. కళ్ళంలో వృత్తులవారికి కొలిచే మేర, పాలేరుకు జీతంతోపాటు పండుగకు ఇచ్చే బట్టలు యజమాని దయ వల్ల వచ్చేవిగా పైకి కనిపించినా, ఇవ్వని రైతును ఊరు నిలదీసేది. ‘మామూలు’ అనే మాట ఈ మధ్యస్థితిని పట్టి చూపుతుంది. అది రాతలో లేదు, అయినా రావలసినది. ఈ నేపథ్యం నుండి వెళ్ళిన మనిషి పది పౌన్ల మాటను బక్షీసుగా భావించి ఉండడు. రావలసినదిగానే లెక్కవేసుకొని ఉంటాడని ఊహించడం సమంజసం. తోటల యజమానికి అది బహుమానం, కూలివానికి అది బాకీ. ఒకే మాట రెండు ఒడ్డులలో రెండర్థాలు పొందింది.

5. 1872: విచారణ సంఘం, ఒప్పంద చట్టం

తిరిగివచ్చినవారి ఫిర్యాదులు భారత ప్రభుత్వానికి చేరాయి. వాటిని విచారించి సరిదిద్దనిదే మళ్ళీ కూలీలను పంపడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. మాంద్యం తీరి చెరకు తోటలకు మళ్ళీ మనుషులు కావలసి వచ్చిన సమయం అది. అందువల్ల 1872లో నేటాల్ ప్రభుత్వం ‘కూలీ కమిషన్’ను నియమించింది. దాని నివేదిక అనంతరం అదే ఏడాది వచ్చిన 12వ చట్టం కొరడా శిక్షను తొలగించి, భారతీయ వలసదారుల రక్షణాధికారి పదవిని ఏర్పరచింది. 1874లో ఓడలు మళ్ళీ బయలుదేరాయి.

ఈ పరిణామంలో గమనించవలసిన అంశం ఒకటుంది. కూలీలకు డర్బన్ న్యాయస్థానాలలో దొరకని బలం మద్రాసు రేవులో దొరికింది. తోటలో ఉన్నప్పుడు అనుమతి లేకుండా బయటికి వెళ్ళడమే నేరం. యజమాని మీద ఫిర్యాదు చేయాలన్నా ఆ యజమాని అనుమతితోనే వెళ్ళాలి. తిరిగివచ్చిన తరువాత వారి మాట రెండో విడతను ఆపగలిగింది. ఎగవేతకు గురైనవాని చేతిలో మిగిలిన ఒకే ఆయుధం, తరువాత వెళ్ళబోయేవానికి చెప్పే మాట. అయితే ఆ ఆయుధం వల్ల కలిగిన మేలు కూడా తరువాత వెళ్ళేవారికే. రక్షణాధికారి, మెరుగైన నియమాలు ముందుకాలానికి ఉద్దేశించినవి. పది పౌన్లు అడిగినవారి బాకీ గతానిది.

అదే 1872లో భారతదేశంలో ఒప్పందాల చట్టం అమలుకు వచ్చింది. ఒక ప్రతిపాదనలోని షరతును నెరవేర్చడమే ఆ ప్రతిపాదనకు అంగీకారం అని ఆ చట్టంలోని 8వ సెక్షన్ చెబుతుంది. బహిరంగంగా చాటిన ప్రతిఫలానికి ఈ సూత్రమే ఆధారం. ఇరవయ్యేళ్ళ తరువాత ఇంగ్లండులో కార్బాలిక్ స్మోక్ బాల్ కంపెనీ కేసులో, పత్రికా ప్రకటనలో నూరు పౌన్లు ఇస్తామన్న కంపెనీ అది వట్టి ప్రచారమని తప్పించుకోలేదని న్యాయస్థానం తీర్పు చెప్పింది. 1913లో అలహాబాదు హైకోర్టు విచారించిన లాల్మన్ శుక్లా – గౌరీదత్ వ్యాజ్యం దీనికి మరో ముఖం. తప్పిపోయిన బాలుని వెదకడానికి యజమాని పంపిన ఉద్యోగి బాలుని కనుగొన్నాడు. అతడు వెళ్ళిన తరువాత యజమాని 501 రూపాయల బహుమానం ప్రకటించాడు. ప్రకటన తెలియక ముందే, ఉద్యోగ ధర్మంగా చేసిన పనికి బహుమానం అడగడానికి వీలులేదని కోర్టు దావాను కొట్టివేసింది.

ఈ తర్కాన్ని నేటాల్ కూలీలకు అన్వయిస్తే ఫలితం భిన్నంగా ఉంటుంది. వారి కథనం ప్రకారం పది పౌన్ల మాట వారికి బయలుదేరకముందే తెలుసు, ఆ మాట విని వెళ్ళారు, గడువు పూర్తిచేశారు. తెలియడం, నమ్మడం, నెరవేర్చడం మూడూ ఉన్నాయి. సూత్రం ప్రకారం బలమైన దావా. అయినా ఇలాంటి దావాలను తోసిపుచ్చడానికి యజమానికి ఎప్పుడూ మూడు దారులుంటాయి. ఆ మాట చెప్పినది తాను కాదు, మనుషులను కూర్చిన ఏజెంటు అనడం మొదటిది. సంతకం చేసిన కాగితంలో అది లేదనడం రెండోది. గడువులో సెలవులు, జబ్బులు పోగా పని దినాలు పూర్తి కాలేదనడం మూడోది. నేటికీ నియామక ప్రకటనకూ నియామకపత్రానికీ తేడా వచ్చినప్పుడు వినిపించే సమాధానాలు ఇవే.

చట్టం రెండు వైపులా ఒకేలా లేదన్న సంగతిని కూడా చెప్పుకోవాలి. 1859 నాటి పదమూడో చట్టం ప్రకారం బయానా తీసుకొని పని ఎగవేసిన పనివానిని మేజిస్ట్రేటు మూడు నెలల దాకా కఠిన శిక్షతో జైలుకు పంపవచ్చు. మొదట ప్రెసిడెన్సీ నగరాలకు ఉద్దేశించిన ఈ చట్టం క్రమంగా ఇతర ప్రాంతాలకు విస్తరించి, 1925లో గాని రద్దు కాలేదు. కూలివాడు మాట తప్పితే నేరం. యజమాని మాట తప్పితే సివిల్ తగాదా. ఓడ ఎక్కించేనాటికే మాటకు రెండు తూకపురాళ్ళు ఉన్నాయి.

6. మాట మార్చిన చట్టాలు

నేటాల్‌లో వాగ్దానభంగం పది పౌన్లతో ఆగలేదు. 1870 నాటి చట్టం ప్రకారం, తిరుగు ప్రయాణపు ఖర్చుకు బదులుగా దానికి సమానమైన విలువ గల ప్రభుత్వ భూమిని తీసుకొని అక్కడే స్థిరపడే అవకాశం కూలీకి ఉంది. అలా భూమి దక్కినవారు కొద్దిమందే. 1891లో ఆ అవకాశాన్ని తొలగించారు. 1895లో మరో అడుగు వేశారు. గడువు ముగిశాక మళ్ళీ ఒప్పందానికి ఒప్పుకోకుండా, దేశానికీ తిరిగివెళ్ళకుండా ఉండిపోయినవారిపై ఏటా మూడు పౌన్ల పన్ను విధించారు. 1903లో దానిని పదహారేళ్ళు దాటిన కొడుకులకు, పదమూడేళ్ళు దాటిన కూతుళ్ళకు విస్తరింపజేశారు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి. 1860లో వెళ్ళినవారు గడువు ముగిశాక పది పౌన్లు వస్తాయని విన్నారు. 1895 తరువాత వెళ్ళినవారికి గడువు ముగిశాక ఏటా మూడు పౌన్లు కట్టవలసి వచ్చింది. ఒక తరంలో బహుమానం స్థానంలో పన్ను వచ్చి కూర్చుంది.

1912లో గోపాలకృష్ణ గోఖలే దక్షిణాఫ్రికాలో పర్యటించి మంత్రులను కలిసినప్పుడు, ఈ పన్ను రద్దవుతుందన్న హామీ లభించిందని ఆయన భావించారు. మరుసటి ఏడాది ప్రభుత్వం అలాంటి హామీ ఇవ్వలేదన్నది. మాట తప్పిన ఈ ఘటననే ఆధారం చేసుకొని గాంధీజీ పన్ను రద్దును సత్యాగ్రహ లక్ష్యాలలో చేర్చారు. 1913లో న్యూకాసిల్ బొగ్గుగనులలో మొదలైన సమ్మె చెరకు తోటలకు పాకింది. వేలాదిమంది తమిళ, తెలుగు, హిందూస్తానీ కూలీలు అందులో పాల్గొన్నారు. 1914 నాటి భారతీయుల ఉపశమన చట్టంతో పన్ను రద్దయింది. చిన్ననాడు చూసిన హరిశ్చంద్ర నాటకం తనను వెంటాడిందని ఆత్మకథలో రాసుకున్న వ్యక్తి, పాలకుడు ఇచ్చిన మాటను పుచ్చుకోవలసినవారి పక్షాన నిలబడి అడగడం ఈ సందర్భంలో విశేషం. సత్యం దాత గుణం కావడంతోపాటు గ్రహీత హక్కు కూడా అయిన ఘట్టంగా దీనిని చెప్పవచ్చు.

7. కాకినాడ – రంగం: మేస్త్రీ మాట

గోదావరి ముఖద్వారంలోని కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరుపొందిన రేవు. 1789, 1839 తుఫానులు దానిని దెబ్బతీశాయి. పూడిక పెరిగింది. పంతొమ్మిదో శతాబ్దం ఉత్తరార్ధంలో, ధవళేశ్వరం ఆనకట్ట కింద కాలువలతో లోతట్టు ప్రాంతానికి అనుసంధానమైన కాకినాడ ఆ స్థానాన్ని ఆక్రమించింది. కోరంగి రేవు వెనుకబడినా పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో తెలుగువారందరికీ ‘కోరంగీలు’ అన్నదే వాడుక. కాకినాడ, విశాఖపట్టణం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుండి స్టీమర్లు రంగూనుకు మనుషులను చేరవేశాయి. మన పల్లెల వాడుకలో రంగూను ‘రంగం’ అయింది. కాకినాడ తీరంలో లోతు తక్కువ కాబట్టి ఓడలు దూరంగా లంగరు వేసేవి. ప్రయాణికులు పడవలలో వెళ్ళి ఓడ ఎక్కేవారు.

నేటాల్ వలసకూ రంగం వలసకూ ఒక ముఖ్య భేదం ఉంది. నేటాల్‌కు వెళ్ళినవానికి ముద్రిత షరతులు, ఏళ్ళ గడువు ఉన్నాయి. తరువాతి కాలంలో ఫిజీకి మద్రాసు మీదుగా వెళ్ళినవారికి తెలుగులోనూ షరతులు చూపేవారు. మగవారికి రోజుకు పన్నెండు అణాలు, ఆడవారికి తొమ్మిది అణాలు అన్నది అందులోని మాట. అయితే అక్కడ రోజు పనిని కొలత పనిగా నిర్ణయించడంతో, కొలత పూర్తికానివానికి ఆ అణాలు కాగితం మీదనే మిగిలాయి. ‘అగ్రిమెంటు’ అనే మాట కూలీల నోట ‘గిర్మిట్’ అయింది. రంగం వలసలో ఇలాంటి ప్రభుత్వ ఒప్పందం లేదు. అక్కడ ఉన్నది మేస్త్రీ.

మేస్త్రీ తరచుగా కూలీల ఊరివాడో పొరుగూరివాడో. అన్నా, మామా అని పిలిచే వరుస ఉన్నవాడు. ఓడ ఖర్చు, ఇంటి దగ్గర ఇచ్చిపోవడానికి కొంత సొమ్ము బయానాగా అతడే ఇస్తాడు. రంగూనులో అతని పైన మరో మేస్త్రీ, ఆ పైన కాంట్రాక్టరు, ఆ పైన బియ్యపు మిల్లు యజమానో ఓడల కంపెనీయో. కూలి పైనుండి కిందికి ఒక్కొక్క మెట్టు దిగేసరికి ఒక్కొక్క కోత పడుతుంది. నేటాల్‌లో యజమాని ‘ఏజెంటు చెప్పిన మాటతో నాకు పని లేదు’ అనగలిగితే, రంగూనులో ఆ మాట అనవలసిన అవసరమే రాలేదు. అసలు యజమానికీ కూలివానికీ మధ్య మాటే జరగలేదు. వాగ్దానం చేసినవాడు మేస్త్రీ, లాభం పొందినవాడు మిల్లు యజమాని. కూలివాడు నిలదీయాలంటే తన బంధువును నిలదీయాలి. వరుసల వల్ల నమ్మకం సులభమైంది, అదే వరుసల వల్ల ఫిర్యాదు కష్టమైంది.

ఈ వ్యవస్థ ఎంతటి ప్రమాదానికి దారితీసిందో 1930 మే నెలలో తెలిసింది. రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంపు కోసం సమ్మె చేశారు. ఓడల కాంట్రాక్టర్లు వారి స్థానంలో బర్మీయులను తీసుకువచ్చారు. తరువాత తెలుగువారితో రాజీ కుదిరింది. మే 26న పనికి వచ్చిన బర్మీయులకు పని లేదన్నారు. పని దొరుకుతుందని వచ్చి చేతులూపుకుంటూ తిరిగివెళ్ళవలసి వచ్చిన ఒక పేద సమూహం, అంతకుముందు వరకు అదే పని చేసిన మరో పేద సమూహంపై విరుచుకుపడింది. ప్రాణనష్టం ప్రధానంగా కోరంగీలదే. యజమాని ఇద్దరికి ఆశ చూపి ఒకరిని విడిచిపెట్టినప్పుడు, ఆ కోపం యజమాని దాకా వెళ్ళలేదు. పక్కనున్న మరో కూలీ దగ్గర ఆగింది.

8. బోనసు: దయ నుండి చట్టం దాకా

బహుమానమా, బాకీయా అన్న వివాదం ఇరవయ్యో శతాబ్దపు మిల్లులలో మళ్ళీ తలెత్తింది. మొదటి ప్రపంచయుద్ధకాలంలో, 1917 నుండి, బొంబాయి నూలు మిల్లులు కూలిపై పదిశాతం యుద్ధ బోనసు ఇచ్చాయి. ఆ మిల్లులలో తెలంగాణ నుండి వెళ్ళిన పద్మశాలీలు కూడా పనిచేశారు. అహమ్మదాబాదులో ప్లేగు కాలంలో పనివారు ఊరు విడిచిపోకుండా ఇచ్చిన బోనసును ప్లేగు తగ్గగానే 1918లో ఎత్తివేయడం గాంధీజీ నాయకత్వంలోని సమ్మెకు దారితీసింది. బొంబాయిలో కొన్నేళ్ళు వరుసగా ఇచ్చిన బోనసును యజమానులు నిలిపివేయగా 1924లో పెద్ద సమ్మె జరిగింది. ప్రభుత్వం ఏర్పరచిన సంఘం, బోనసుపై కార్మికులకు ఆచారం వల్ల గాని, చట్టం వల్ల గాని, న్యాయం వల్ల గాని చెల్లుబాటయ్యే హక్కు లేదని తేల్చింది. మన మాటల్లో చెప్పాలంటే అది మామూలూ కాదు, బాకీ కూడా కాదు, బక్షీసు మాత్రమే.

ఆ నిర్ణయం శాశ్వతం కాలేదు. స్వాతంత్ర్యానంతరం న్యాయస్థానాలు, ట్రిబ్యునళ్ళు బోనసును లాభంలో శ్రామికుని వాటాగా గుర్తించాయి. 1965లో బోనసు చెల్లింపు చట్టం వచ్చింది. కనీసం 8.33 శాతం, అంటే ఏడాదికి ఒక నెల కూలి, అన్నది తరువాత స్థిరపడిన ప్రమాణం. గరిష్ఠం 20 శాతం. ఈ చట్టం పరిధిలోకి వచ్చినవారికి బోనసు ఇక యజమాని మనసు మీద ఆధారపడలేదు. అయితే చేరినందుకు ఇంత, ఏడాది నిలిచినందుకు ఇంత అని నియామక ప్రకటనలో చాటే మొత్తాలు ఈ శాతాల లెక్కలోకి రావు. అవి నేటికీ మాట మీద, ఆ మాట కాగితం మీదికి ఎక్కిందా అన్నదాని మీద ఆధారపడి ఉన్నాయి. అంటే పది పౌన్ల సమస్య చట్టంతో కొంత తీరింది, కొంత అలాగే ఉంది.

9. ముగింపు

పై పరిశీలన నుండి కొన్ని అంశాలు తేలుతున్నాయి. పని పూర్తయ్యాక ఇచ్చే ప్రతిఫలానికి బహుమానం అని పేరు పెట్టడంలోనే ఎగవేతకు వెసులుబాటు ఉంది. పేరు దయను సూచించగా లెక్క బాకీని సూచిస్తుంది. నేటాల్ కూలీల దావా ఒప్పంద సూత్రానికి సరిపోయేదే అయినా, దానిని వినిపించడానికి వారికి అనువైన వేదిక ఆ ఒడ్డున లేకపోయింది. మేస్త్రీ వలసలో వాగ్దానం చేసినవాడు, లాభం పొందినవాడు వేరువేరు కావడం వల్ల బాధ్యత ఎవరికీ అంటలేదు. రెండు సందర్భాలలోనూ తిరిగివచ్చినవాని మాటకే విలువ దక్కింది, ఆ విలువ అతనికి కాక అతని తరువాతివానికి ఉపయోగపడింది.

సాహిత్య పరిశోధనకు ఇందులో ఒక పని మిగిలి ఉంది. ట్రూరోలో వెళ్ళి రెడ్ రైడింగ్ హుడ్‌లో తిరిగివచ్చిన మనుషుల వాంగ్మూలాలు మనకు ఆంగ్లంలోనే దొరుకుతున్నాయి. వాటి వెనుక తమిళం, తెలుగు పలికిన నోళ్ళు ఉన్నాయి. డర్బన్‌లో 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొని భాషను కాపాడుకోవడానికి ప్రయత్నించినవారు ఆ నోళ్ళ వారసులు. కోరంగి, కాకినాడ పరిసర గ్రామాలలో ‘రంగం’ జ్ఞాపకాలు చెప్పగల వృద్ధులు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. మేస్త్రీ ఏ మాట చెప్పి తీసుకువెళ్ళాడు, ఎంత అన్నాడు, చివరికి ఎంత ముట్టింది అని ఆ కుటుంబాలను ఈ వరుసలోనే అడిగి నమోదు చేసుకోవడం అత్యవసరం. బలి మాట మనకు కావ్యంలో భద్రంగా ఉంది. బలిని నమ్మి వచ్చి నిలబడినవాని మాటను సేకరించవలసి ఉంది.